షెల్టర్‌లో పిల్లులతో పనిచేయాలనుకుంటే: ఏం చేయిస్తారు, ఏం జాగ్రత్త పడాలి

మీరు అడిగినవి నాలుగు. అనుభవం లేకుండా చేరితే ఏం పని ఇస్తారు, కరిస్తే ఏం చేయాలి, ఇంట్లో ఉన్న మీ పిల్లికి ఏమైనా అంటుకుంటుందా, చిన్నదానికే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి ఈ పని తట్టుకోగలరా అని. నేను చాలా ఏళ్ళుగా షెల్టర్‌లో పిల్లుల విభాగంలో వాలంటీర్‌ని. కొత్తగా వచ్చేవాళ్ళకి పని నేర్పేది కూడా నేనే. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

పిల్లులంటే ప్రాణం అని రాశారు. సంతోషం. వచ్చేవాళ్ళందరూ ఆ మాటే చెప్తారు, అబద్ధమేమీ కాదు. అయితే వీధిలోంచి కొత్తగా వచ్చిన పిల్లికి మొదటి కొన్ని రోజులు మన ముద్దులతో పనిలేదు. దాక్కోవడానికి ఒక మూల, వేళకి తిండి, రోజూ అదే వేళకి వచ్చే అదే మనిషి ఉంటే దానికి చాలు. ఇంకొకటి, ఒంట్లో బాగోకపోతే అది ఎవరికీ తెలియనివ్వదు కాబట్టి తేడాని త్వరగా పసిగట్టే మనిషి దాని పక్కన ఉండాలి. డాక్టరు ఒక్కో పిల్లిని చూసేది కొద్ది నిమిషాలే. రోజూ దాని గిన్నె, దాని ట్రే, అది కూర్చునే తీరు చూసేది వాలంటీరే. నేను కొత్తవాళ్ళలో ముందు చూసేది కూడా అదే: పిల్లిని ముట్టుకోకుండా ఓ పావుగంట ఊరికే చూస్తూ కూర్చోగలరా లేదా అని. చాలామందికి అది చేతకాదు. నేర్చుకుంటే వస్తుంది.

ఇక పని సంగతి. మొదట్లో మీ పని దాదాపు అంతా శుభ్రం చేయడమే. లిట్టర్ ట్రేలు (పిల్లులు మలమూత్రాలకి వాడే ఇసుక ట్రేలు) తీయడం, గిన్నెలు కడగడం, పరుపుగుడ్డలు ఉతకడం, నేల తుడవడం, తిండి పెట్టడం, ఏ పిల్లి ఎలా ఉందో షీట్‌లో రాయడం. దీన్ని తక్కువ పని అనుకుని రెండు వారాలకే మానేసినవాళ్ళు ఉన్నారు. నిజానికి పిల్లుల ప్రాణాలు నిలిచేదీ పోయేదీ ఇక్కడే.

ఎందుకో చెప్తాను. షెల్టర్లు అన్నిటికంటే ఎక్కువ భయపడేది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బుకి. కుక్కల్లో వచ్చే పార్వో జబ్బుకి దగ్గరి చుట్టం. వాంతులు, విరోచనాలు, జ్వరం, తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోవడం. టీకా పడని కూనలకి వస్తే చాలావరకు దక్కవు. ఈ వైరస్ జబ్బు పిల్లి వెళ్ళిపోయాక కూడా బోనులో, గుడ్డల్లో, చెప్పుల అడుగున ఏడాది దాకా బతికుండగలదు. చేతికి రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్‌తో చావదు. మామూలు ఫ్లోర్ క్లీనర్లు చాలావాటితోనూ చావదు. బ్లీచ్‌తో చస్తుంది, అదీ పద్ధతి ప్రకారం వాడితేనే. ముందు మురికంతా సబ్బునీళ్ళతో కడగాలి, ఎందుకంటే మలం, ఆహారం అంటుకుని ఉన్నచోట బ్లీచ్ పనిచేయదు. ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి, తడి ఆరకుండా పది నిమిషాలు ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. కలిపిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజే. నిన్న మిగిలినవి వాడితే ఉత్త నీళ్ళతో కడిగినట్టే. పిల్లి లోపల ఉండగా ఇవేవీ చల్లకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి చెప్తున్నాను.

ఫినాయిల్ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఘాటు వాసన వస్తే శుభ్రమైనట్టు లెక్క అని మన ఇళ్ళలో ఒక నమ్మకం. ఫినాల్ జాతి మందులు పిల్లులకి విషం. వాటిని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, అలా లోపలికి పోతుంది. నీళ్ళలో పోస్తే తెల్లగా పాలలా మారే యాంటీసెప్టిక్ ద్రావణాలు కూడా చాలావరకు ఈ కోవకే వస్తాయి. పారాసిటమాల్ అయితే ఇంకా ఘోరం, ఒక్క మాత్ర చాలు పిల్లిని చంపడానికి. దయతలచి జ్వరం మాత్ర వేశామని చెప్పి పిల్లిని తెచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటారు.

శుభ్రం చేసే వరుస కూడా ముఖ్యం. టీకాలు పూర్తికాని ఆరోగ్యమైన కూనలు ముందు, తర్వాత ఆరోగ్యమైన పెద్ద పిల్లులు, ఆ తర్వాత కొత్తగా వచ్చి క్వారంటైన్‌లో ఉన్నవి, అన్నిటికంటే చివర జబ్బువి. ఈ వరుస వెనక్కి తిరగకూడదు. జబ్బు గదిలోకి వెళ్ళొచ్చాక "ఒక్కసారి ఆ బుజ్జిదాన్ని చూసి వస్తా" అని కూనల గదిలోకి వెళ్ళారంటే అంతవరకు పడిన శ్రమంతా వృథా. గ్లవ్స్ మార్చినా చాలదు, మీ చొక్కా కూడా ఆ గదిలోంచి వచ్చిందే కదా.

అలాగని రోజూ ప్రతి బోనూ పీకి కడగకూడదు. ఉన్న పిల్లే ఉంటే, దానికి జబ్బేమీ లేకపోతే, మురికైన చోట మాత్రం తుడిచి, ట్రే మార్చి, గిన్నెలు కడిగి, దాని పరుపుగుడ్డ దానికే వదిలేయాలి. పిల్లి తన బుగ్గలు రుద్ది తన వాసన పూసుకున్న గుడ్డ అది. రోజూ దాన్ని తీసేసి కొత్తది వేస్తే రోజూ కొత్త చోటికి వచ్చినట్టే ఉంటుంది దానికి. టెన్షన్ పెరిగితే పిల్లుల్లో జలుబు బయటపడుతుంది. ఆ జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ ఒకసారి ఒంట్లో చేరితే పూర్తిగా పోదు, ఒత్తిడి పెరిగినప్పుడల్లా తిరగబెడుతుంది. తుమ్ములు, చీమిడి, కళ్ళు అంటుకుపోవడం మొదలవుతాయి. ముక్కు దిబ్బడేస్తే వాసన తెలీదు, వాసన తెలీకపోతే పిల్లి తినదు. అలాంటప్పుడు తడి ఆహారం కాస్త గోరువెచ్చగా చేసి పెట్టి చూడండి. వాసన లేవగానే చాలావరకు నోరు పెడతాయి.

తినకపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. "ఆకలేస్తే అదే తింటుంది" అన్న మాట పిల్లి విషయంలో చెల్లదు. వరుసగా రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. అందుకే షీట్‌లో "తిన్నది" అని రాస్తే చాలదు. ఎంత పెట్టారు, ఎంత మిగిలింది అని రాయాలి. ట్రే సంగతీ అంతే. ఇసుకలో మూత్రం గడ్డలు ఎన్ని, మలం గట్టిగా ఉందా నీళ్ళలా ఉందా, రక్తం ఉందా, అసలు ఏమీ లేదా. మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి, ముక్కుతూ కూర్చుని, చుక్క కూడా రాకుండా బయటికి వచ్చే మగపిల్లి కనిపిస్తే షీట్‌లో రాసి ఊరుకోకండి. పరుగెత్తుకెళ్ళి చెప్పండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. చూసేవాళ్ళకి మలబద్ధకంలా కనిపిస్తుంది, అక్కడే మోసపోతారు.

ఇప్పుడు పిల్లి దగ్గరికి వెళ్ళడం. భయపడ్డ కొత్త పిల్లి ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. బోనులో మెత్తటి పరుపు ఉంటుంది, అయినా అది వెనక మూలన లిట్టర్ ట్రేలో, ఇసుక మీదే ముడుచుకుని కూర్చుంటుంది. ఆ ట్రేకి అంచులు ఉన్నాయి కాబట్టి. నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి లాక్కుని, తోక ఒంటికి చుట్టేసి, ముఖం గోడవైపు. చెవులు పక్కలకి వాలి ఉంటాయి. కళ్ళు పెద్దవై నల్లగుడ్డు తప్ప ఏమీ కనిపించదు. కదలదు. కొత్తవాళ్ళు దాన్ని చూసి "ఎంత బుద్ధిగా కూర్చుందో" అంటారు. అది బుద్ధి అనుకోకండి, భయంతో కొయ్యబారిపోయింది. అప్పుడు చెయ్యి పెడితే కరుస్తుంది. తప్పు దానిది కాదు.

దానికి ముందు ఒక అట్టపెట్టె ఇవ్వండి. ఒక పక్క తెరిచి, లోపల గుడ్డ వేసి, నోరు బోను గుమ్మానికి పక్కగా ఉండేటట్టు పెట్టండి. 2014లో నెదర్లాండ్స్‌లో ఒక షెల్టర్‌లో కొత్తగా వచ్చిన పిల్లుల్ని రెండు గుంపులు చేసి చూశారు. దాక్కునే పెట్టె ఉన్నవి మొదటి రోజుల్లోనే తేరుకున్నాయి, లేనివి చాలా ఆలస్యంగా తేరుకున్నాయి. పెట్టె పెడితే పిల్లి ఎప్పటికీ బయటికి రాదేమోనని, దత్తతకి వచ్చేవాళ్ళకి కనిపించదని కొందరు తీసేస్తుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. దాక్కోవచ్చని తెలిసిన పిల్లే ధైర్యంగా బయటికి వస్తుంది.

తర్వాత బోను ముందు పక్కకి తిరిగి, కిందికి కూర్చోండి. సూటిగా కళ్ళలోకి చూడొద్దు. చూపు కలిస్తే నెమ్మదిగా కళ్ళు సగం మూసి తెరవండి. ఇదేదో పిల్లి ప్రేమికుల పిచ్చి అనుకునేరు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో పరీక్షించి చూశారు. అలా కళ్ళు మూసి తెరిచిన మనిషికి పిల్లులు కూడా అలాగే బదులిచ్చాయి, కొత్తమనిషి అయినా దగ్గరికి వచ్చాయి. మొదటి రోజు అంతవరకే. ఏదో పుస్తకమో ఫోనో మెల్లగా చదివి వినిపించండి, మీ గొంతు అలవాటవుతుంది. వెళ్ళేటప్పుడు కాస్త మంచి తిండి పెట్టి వెళ్ళండి.

అది తానుగా ముందుకు వచ్చిన రోజున ఒక వేలు దాని ముక్కు ఎత్తులో చాపండి. వాసన చూసి బుగ్గ రుద్దితే సరే అన్నట్టు. చెవుల కింద, బుగ్గల మీద, గడ్డం కింద రెండు మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలంటే అదే తల తోస్తుంది, లేదంటే అక్కడితో ఆగిపోండి. లండన్‌లోని బాటర్‌సీ షెల్టర్ పిల్లులతో 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ పద్ధతినే పరీక్షించింది. మనుషులకి కొద్ది నిమిషాలు ఇలా నేర్పి పంపితే, పిల్లులు కరవడం రక్కడం తగ్గింది, అవే మరింత దగ్గరయ్యాయి. పొట్ట, తోక మొదలు జోలికి పోవద్దు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించిందంటే మిమ్మల్ని నమ్మిందని అర్థం, ముట్టుకోమని మాత్రం కాదు. తోక కొస టపటపా కొట్టుకోవడం, వీపు మీద చర్మం జలదరించినట్టు కదలడం, చెవులు వెనక్కి తిరగడం కనిపిస్తే చెయ్యి తీయడం అప్పటికే ఆలస్యమైందని తెలుసుకోండి. గుర్రుగుర్రుమనడాన్ని ఒక్కదాన్నే నమ్మకండి, నొప్పితో ఉన్న పిల్లి కూడా అలా అంటుంది. మెడ తోలు పట్టి ఎత్తడం పాతకాలం అలవాటు, ఎవరైనా చూపించినా నేర్చుకోవద్దు. తువ్వాలు కప్పి ఒడిసిపట్టడం నేర్పమనండి.

అన్ని పిల్లులూ మచ్చిక కావు. రెండు నుంచి ఏడు వారాల వయసులో మనిషి చెయ్యి తగలని పిల్లి పెద్దయ్యాక ఒళ్ళో కూర్చునే పిల్లి కావడం అరుదు. దాన్ని బోనులో ఉంచి నెలల తరబడి బుజ్జగించడం దయ అనిపించుకోదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటే వదిలేయడమే దానికి మేలు. అలా వదిలేటప్పుడు కొత్తవాళ్ళు బాధపడతారు. ఎంత బాధపడినా ఆ పిల్లి మాత్రం సంచీ తెరవగానే వెనక్కి తిరిగి కూడా చూడదు.

చిన్న కూనలకి సీసాతో పాలు పట్టే పని మీకు మొదట్లో ఇవ్వరు, ఇస్తే అనుమానించాలి. కానీ ఇంటి దగ్గర ఎవరో ఒకరు తెచ్చి మీ చేతుల్లో పెడతారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి. తల్లి తిండికి వెళ్ళి ఉండొచ్చు, కూనలు వెచ్చగా నిద్రపోతుంటే దూరం నుంచి కొన్ని గంటలు చూడండి. చల్లబడిపోయిన కూనకి పాలు పట్టకూడదు, అరగవు. ముందు మెల్లగా వెచ్చబెట్టాలి. ఆవుపాలు వద్దు, పిల్లికూనలకని అమ్మే పాలపొడి వాడాలి. పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుని తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, బోర్లా ఉంచే తాగించాలి. మూడు వారాల వయసు దాకా ప్రతిసారీ తడిగుడ్డతో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. రోజూ ఒకే వేళకి తూకం వేయండి, రోజుకి సుమారు పది గ్రాములు పెరగాలి. పెరుగుదల ఆగిందంటే, చూడ్డానికి హుషారుగా ఉన్నా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

కరిస్తే ఏం చేయాలన్నది మీ రెండో ప్రశ్న. వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగాలి. నిజంగా పావుగంట, గడియారం చూసి. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. పిల్లి కోరలు సన్నగా సూదుల్లా ఉంటాయి. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, అది త్వరగా మూసుకుపోతుంది, లోపలికి దిగిన క్రిములు అక్కడే ఉండిపోతాయి. చేతివేళ్ళ కీళ్ళ దగ్గర పడ్డ కాటు మరీ ప్రమాదం. తెల్లారేసరికి ఎర్రగా వాచి, వేలు మడవలేని పరిస్థితి వస్తే ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు, కాబట్టి టీకా విషయంలో "చూద్దాంలే" అనే మాటే ఉండకూడదు. అసలు చేరకముందే రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకోండి. వేయించుకున్నా కరిచాక మళ్ళీ డోసులు తీసుకోవాలి, కాకపోతే తక్కువ పడతాయి. టెటనస్ కూడా సరిచూసుకోండి. కరిచిన పిల్లిని పది రోజులు విడిగా ఉంచి గమనిస్తారు. పిల్లికి శిక్ష పడుతుందేమోనని కాటు దాచిపెట్టే వాలంటీర్లు ఉంటారు. అది మంచితనం అనుకుంటారు గానీ, రేపు అదే బోనులో చెయ్యి పెట్టేది ఇంకొకరు.

గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు లిట్టర్ ట్రేల పని చేయకూడదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మలంలో వస్తుంది. బయటపడ్డాక అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, రోజూ ట్రే తీయమనేది అందుకూ కలిసొస్తుంది.

మీ ఇంటి పిల్లి గురించి. బట్టల మీద, చెప్పుల మీద ఇంటికి రాగలిగేవి ముఖ్యంగా రెండు: పైన చెప్పిన పాన్‌ల్యూకోపీనియా, తామర. తామర మీకూ అంటుతుంది, ఇంట్లో చిన్నపిల్లలకీ అంటుతుంది. గుండ్రంగా దురద మచ్చ వస్తే పిల్లులతో పనిచేస్తున్న సంగతి కూడా చెప్పి డాక్టర్‌కి చూపించండి. మీ పిల్లికి టీకాలు వేళకి పడితే సగం దిగులు తీరినట్టే. షెల్టర్‌కి ఒక జత బట్టలు, ఒక జత బూట్లు వేరుగా పెట్టుకోండి. బూట్లు గడప దాటి లోపలికి రాకూడదు. బట్టలు విడిచి, వేడినీళ్ళలో నానేసి, స్నానం చేశాకే మీ పిల్లిని ఎత్తుకోండి. అది గుమ్మంలోనే కాళ్ళకి చుట్టుకుంటుంది కాబట్టి ముందే వేరే గదిలో ఉంచమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. పిల్లుల ఎయిడ్స్ అని జనం భయపడే ఎఫ్ఐవీ బట్టల ద్వారా రాదు, లోతైన కాట్ల ద్వారా వస్తుంది. ఫోస్టర్ పిల్లిని, అంటే దత్తత కుదిరేదాకా ఇంట్లో ఉంచుకునేదాన్ని, ఇంటికి తెస్తే మాత్రం కనీసం రెండు వారాలు వేరే గది, వేరే గిన్నెలు, వేరే ట్రే ఉండాలి. ఆ గది లేకపోతే ఫోస్టర్ వద్దు.

తట్టుకోగలరా అంటే, ఏడవడం అడ్డంకేమీ కాదు. మా దగ్గర ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో చాలామంది ఏడుస్తారు. నిలవలేకపోయేది వేరే రకం. ప్రతి పిల్లినీ తామే కాపాడాలని అనుకునేవాళ్ళు, రోజూ వచ్చేవాళ్ళు, మూడు నెలల్లో ఇంట్లో నాలుగు పిల్లులు చేరేవాళ్ళు, ఆ తర్వాత ఒకరోజు ఫోన్ కూడా ఎత్తనివాళ్ళు. కూనలు ఎక్కువగా వచ్చే నెలల్లో, ఉదయం బాగా ఉన్న కూన సాయంత్రానికి లేకుండా పోతుంది. కొన్నిసార్లు డాక్టర్లు నొప్పి భరించలేని పిల్లిని మందుతో శాశ్వతంగా నిద్రపుచ్చాలని నిర్ణయిస్తారు. ఈ విషయంలో ఆ షెల్టర్ పద్ధతేమిటో చేరకముందే అడగండి. సమాధానం మీకు నచ్చకపోతే చేరొద్దు. చేరాక ప్రతిసారీ డాక్టర్‌తో గొడవపడడం ఎవరికీ మంచిది కాదు. మంచి పిల్లి దత్తత వెళ్ళిన రోజు కూడా ఇంటికి దిగులుగానే వెళ్తారు, అది మామూలే.

పిల్లిని దత్తతకి పెట్టేటప్పుడు ఫోటోలు తీయడం, దాని గురించి రాయడం కూడా మీకు ఇస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. "మొదటి వారం మంచం కిందే ఉంటుంది, తర్వాత రాత్రిళ్ళు మీ కాళ్ళ దగ్గర పడుకుంటుంది" అని రాస్తే, మంచం కింద ఉన్న పిల్లిని చూసి వారానికే తిరిగి తెచ్చేవాళ్ళు తగ్గుతారు.

షెల్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఒకసారి వెళ్ళి చూసి రండి. కొత్తగా వచ్చిన పిల్లుల్ని విడిగా ఉంచుతున్నారా, రాగానే టీకా వేస్తున్నారా, దత్తతకి ముందే ఆపరేషన్ చేయిస్తున్నారా, కొత్త వాలంటీర్‌కి పని నేర్పే మనిషి ఉన్నారా అని అడగండి. అడిగితే విసుక్కునే చోటు వద్దు. మొదటి రోజే మిమ్మల్ని పిల్లుల మధ్యలోకి వదిలేసి ఆడుకోమనే చోటు అసలే వద్దు. వారానికి ఒక్క పూట ఇవ్వగలిగినా చాలు, కానీ ఏ పూటో ముందే ఖాయం చేసి చెప్పండి. మీరు రాని రోజున ఆ ట్రేలు ఎవరు తీయాలో వాళ్ళు చూసుకోవాలి కదా.